చిట్టి తోటలో తలుపు ఎంత ఎత్తుండాలి?

ప్రశ్న: మాది కాకినాడ. వేసవి సెలవులకు వచ్చిన ఎనిమిదేళ్ల మనవరాలు ఫెయిరీ గార్డెన్ (రెక్కలున్న చిట్టి మనుషుల బొమ్మలు, బొమ్మ ఇళ్లు పెట్టి వేసే చిన్న తోట) కావాలని పట్టుబడితే, 18 అంగుళాల వెడల్పున్న గుండ్రటి సిమెంటు తొట్టిలో మొదలుపెట్టాను. పెంకుటిల్లు బొమ్మ ఒకటి కొన్నాను. ఎత్తు 8 అంగుళాలు, దాని తలుపు మూడున్నర అంగుళాలు. రెక్కల బొమ్మ రెండున్నర అంగుళాలు. ఆ తరువాత ఆన్‌లైన్‌లో ఒక సెట్టు తెప్పించాను. అందులో ఒక బెంచి (కూర్చునే పలక ఎత్తు ఒకటిన్నర అంగుళం), 2 అంగుళాల కుందేలు, 3 అంగుళాల పుట్టగొడుగులు, రెండున్నర అంగుళాల వెడల్పున్న బావి వచ్చాయి. ఒక్కొక్కటి చేతిలో పట్టుకుంటే ముచ్చటగా ఉంది కానీ, అన్నీ కలిపి పెడితే తోటలా లేదు, సంతలో దుకాణంలా ఉంది. 1:12, 1:24 అని ఏవో లెక్కలు చెబుతున్నారు. వాటిలో నాకు పనికొచ్చేది ఏది? మా అమ్మ ఇచ్చిన కొండపల్లి ఎడ్లబండిని ఇందులో పెట్టవచ్చా? మొక్కలు ఏవి వేయాలి?

సమాధానం: మీరు ప్రతి వస్తువునూ కొలిచి రాశారు కాబట్టి ఊహించవలసిన పని లేకుండా చెప్పగలుగుతున్నాను. మీ తొట్టికి 1:24 సరిపోతుంది. ఇది నేను కొత్తగా ఎంచి ఇస్తున్నది కాదు, మీ ఇల్లూ మీ రెక్కల బొమ్మా ముందే ఆ స్కేలులో ఉన్నాయి. తేడా తెచ్చినవి తరువాత సెట్టులో వచ్చిన వస్తువులే.

ఈ లెక్క ఎలా వచ్చిందో చెబుతాను, ఎందుకంటే దీన్ని ఒకసారి పట్టుకుంటే ఇకమీదట ఏ వస్తువు కొన్నా మీరే తేల్చుకోగలరు. 1:12 అంటే అసలు వస్తువులో పన్నెండో వంతు అని అర్థం. అడుగుకు 12 అంగుళాలు కాబట్టి, అసలు లోకంలో ఒక అడుగు ఉన్నది బొమ్మల లోకంలో ఒక అంగుళం అవుతుంది. 1:24లో అంగుళానికి రెండు అడుగులు, 1:48లో అంగుళానికి నాలుగు అడుగులు. మన మేస్త్రీలు నేటికీ అడుగుల్లో, అంగుళాల్లోనే మాట్లాడతారు కనుక ఈ లెక్కకు కాగితం కూడా అక్కర్లేదు. మన ఇళ్లలో ద్వారం సాధారణంగా 7 అడుగుల ఎత్తు ఉంటుంది. మీ బొమ్మ ఇంటి తలుపు మూడున్నర అంగుళాలు. మూడున్నర అంగుళాలు ఏడు అడుగులకు సమానమైతే, అంగుళానికి రెండు అడుగులన్నమాట. అదే 1:24. ఇక రెక్కల బొమ్మ రెండున్నర అంగుళాలు కాబట్టి ఆ లెక్కలో 5 అడుగుల మనిషి అవుతుంది, ఆ ద్వారంలోంచి తల వంచకుండా లోపలికి నడిచిపోగలదు. 8 అంగుళాల ఇల్లు 16 అడుగుల ఎత్తవుతుంది, వాలు కప్పు ఉన్న ఒంటి అంతస్తు పెంకుటింటికి అది సరైన ఎత్తే. మూడూ ఒకదాన్నొకటి ఒప్పుకుంటున్నాయి.

ఇప్పుడు బెంచిని ఇదే త్రాసులో వేయండి. ఒకటిన్నర అంగుళం ఎత్తున్న పలక 1:24లో మూడు అడుగులు అవుతుంది. 5 అడుగుల మనిషి 3 అడుగుల ఎత్తున్న బెంచి మీద కూర్చోవాలంటే ఎగిరి ఎక్కాలి, ఎక్కాక కాళ్లు గాలిలో వేలాడతాయి. అదే పలకను 1:12గా లెక్కిస్తే అడుగున్నర వస్తుంది, మనం కూర్చునే కుర్చీ ఎత్తు అంతే. అంటే ఆ బెంచి తప్పుగా చేసింది కాదు. వేరే లోకానికి చేసింది మీ లోకంలోకి వచ్చింది. స్కేలు రెట్టింపైతే పొడవు రెట్టింపు అవుతుంది కానీ, వస్తువు ఆక్రమించే ఘనపరిమాణం ఎనిమిది రెట్లవుతుంది. అందుకే కొలతలో కొద్దిపాటి తేడాగా కనిపించేది కంటికి అంత అసహజంగా తగులుతుంది.

1:12 అనే మాట మీకు పదే పదే వినిపించడానికి కారణం ఉంది. అది బొమ్మరిళ్ల ప్రపంచంలో స్థిరపడిన కొలత. మన దేశంలో న్యూఢిల్లీ నిర్మాణంతో అందరికీ తెలిసిన ఎడ్విన్ లుట్యెన్స్, 1921 నుంచి 1924 వరకు బ్రిటన్ రాణి మేరీ కోసం ఒక బొమ్మరిల్లుకు రూపకల్పన చేశాడు. నేడు విండ్సర్ కోటలో ఉన్న ఆ ఇంటిలో కుళాయిల్లో నీళ్లు వస్తాయి, లిఫ్టులు ఉన్నాయి, అంతా 1:12లోనే. ఆ ఇంటికి తోట కూడా ఉంది. ప్రసిద్ధ ఉద్యానకారిణి గెర్‌ట్రూడ్ జెకిల్ దానికి రూపం ఇచ్చింది, అది ఇంటి అడుగున సొరుగులా బయటికి వస్తుంది. అయితే ఆ తోటలోని మొక్కలు సజీవమైనవి కావు, చేతితో తయారుచేసినవి. అంతకు కొంచెం ముందు, 1907 నుంచి 1922 వరకు, ఐర్లండులో సర్ నెవిల్ విల్కిన్సన్ అచ్చంగా ఫెయిరీల రాణి కోసమే ఒక భవనం కట్టించాడు. టైటానియా ప్యాలెస్ అనే ఆ భవనం కూడా 1:12లోనే ఉంది, ఇప్పుడు డెన్మార్కులోని ఎగెస్కోవ్ కోటలో చూడవచ్చు. ఇవి రెండూ గదుల్లో ఉంచే వస్తువులు. వాటికి పెరిగే మొక్కతో పేచీ లేదు, ఎంత చోటు కావాలంటే అంత ఇచ్చే రాజభవనాలున్నాయి. మీకు ఉన్నది 18 అంగుళాల తొట్టి.

ఆ తొట్టిని భూమిగా లెక్కించి చూడండి. 1:12లో 18 అంగుళాలు 18 అడుగులు అవుతాయి. 18 అడుగుల వ్యాసమున్న గుండ్రటి స్థలం సుమారు 28 గజాలు, అంటే అర సెంటు పైచిలుకు. అందులో ఇల్లు కడితే తోటకు చోటుండదు, తోట వేస్తే ఇంటికి చోటుండదు. 1:24లో అదే తొట్టి 36 అడుగుల వ్యాసం, దాదాపు 113 గజాలు, రెండుంబావు సెంట్లకు కొంచెం ఎక్కువ. చిన్న ఇల్లు, ముందు వాకిలి, పక్కన బావి, వెనుక రెండు చెట్లు పట్టే స్థలం. 1:48కి వెళితే 72 అడుగుల వ్యాసం, 450 గజాలు దాటుతుంది, తొమ్మిది సెంట్ల పైమాటే. అక్కడ చిన్న వీధే పెట్టవచ్చు. స్థలం కొనేటప్పుడు ఎన్ని సెంట్లని అడగకుండా ఎవరమూ బయానా ఇవ్వము కదా, బొమ్మల విషయంలో మాత్రం ముందు ఇల్లు కొని తరువాత స్థలం చూస్తాము.

450 గజాలు వస్తున్నప్పుడు 1:48 ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. ఆ స్కేలులో మనిషి అంగుళంబావు, కుర్చీ పలక అంగుళంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ. గాజు పెట్టెలోనో, బల్ల మీదో ముఖం దగ్గరగా పెట్టి చూసేందుకు అది అందంగా ఉంటుంది. ఆరుబయట మాత్రం వానచినుకులను మనం చిన్నవి చేయలేము. కాకినాడలో ఒక్క తుఫాను వాన కురిస్తే ఆ కుర్చీలు కాలువలో తేలుతాయి. పైగా ఎనిమిదేళ్ల పిల్ల వేళ్లతో పట్టుకుని ఆడుకోవలసిన వస్తువులవి. 1:12 నేల మీద, పెరటిలో, నిలబడి పైనుంచి చూసే తోటకు పనికొస్తుంది. ఇంగ్లండులోని బీకన్స్‌ఫీల్డులో 1929లో తెరిచిన బెకన్‌స్కాట్ నమూనా గ్రామం 1:12లోనే ఉంది, అక్కడ నిజమైన చెట్లనే కత్తిరించి పొట్టిగా ఉంచుతారు. అయితే ఆ పనికి వాళ్లకు ఎకరం పైగా నేల పట్టింది. అలాగే నెదర్లాండ్స్‌లో హేగ్ నగరంలోని మదురోదాం 1952లో మొదలైంది, దాని స్కేలు 1:25, అంటే దాదాపు మీ తొట్టి స్కేలే.

ఆన్‌లైన్ సెట్టు ఎందుకిలా వచ్చిందని మీకు సందేహం రావచ్చు. ఇలాంటి సెట్లలోని వస్తువులను ఒకదానితో ఒకటి పోల్చి చేయరు. అన్నీ ఒకే డబ్బాలో పట్టేలా, చేతిలో పట్టుకుంటే అన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండేలా చేస్తారు. తిరునాళ్లలో అమ్మే ప్లాస్టిక్ బస్సూ ఆటో ఒకే పొడవు ఉంటాయి చూశారా, అదే సంగతి. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. మొదటిసారి తొట్టి తోట వేసినప్పుడు నలభై వస్తువుల సెట్టు తెప్పించి, ఇంటికన్నా పొడవైన బాతును ఇంటి ముందు పెట్టాను. ఇంటికి వచ్చిన వాళ్లందరూ ముందుగా బాతునే చూసి, ఆ తరువాత మర్యాదకు ఇల్లు బాగుందన్నారు.

అన్ని వస్తువులకూ ఒకే కచ్చితత్వం అవసరం లేదు. మనిషి చేయీ కాలూ తగిలే వస్తువులకే స్కేలు కట్టుదిట్టంగా ఉండాలి. తలుపు, మెట్టు, కుర్చీ, మంచం, వంతెన పిట్టగోడ, నిచ్చెన, చెంబు, సైకిలు వంటివి మన ఒంటి కొలతతో తయారైన వస్తువులు. వాటిని చూడగానే, మనకు తెలియకుండానే, మన కన్ను అక్కడ ఒక మనిషిని నిలబెట్టి కొలుస్తుంది. రాయి, చెట్టు, గుట్ట, చెరువు, బావి, కుండ వంటివి లోకంలో ఎన్నో పరిమాణాల్లో ఉంటాయి కాబట్టి కన్ను వాటిని నిలదీయదు. మీ బావినే తీసుకోండి. రెండున్నర అంగుళాలంటే 1:24లో ఐదడుగుల వెడల్పు, పల్లెలో ఇంటి బావి అంతే ఉంటుంది. ఒకవేళ అది మూడు అంగుళాలున్నా ఎవరూ అభ్యంతరం చెప్పరు, ఆరడుగుల బావి అనుకుంటారు. కానీ బావి చుట్టూ ఉన్న గోడ మాత్రం మనిషి నడుము దాటకూడదు, నీళ్లు తోడేది మనిషే కాబట్టి. మీ బొమ్మకు నడుము అంగుళంన్నర దగ్గర వస్తుంది. మనుషుల్లోనే పొట్టీ పొడుగూ ఉంటారు కనుక, మనిషి ఒంటికి సంబంధించిన వస్తువుల్లో కూడా పదోవంతు అటూఇటూ అయితే పట్టించుకోనక్కరలేదని నా అనుభవం. తోటల్లో నడిపే బొమ్మరైళ్లలో బాగా వ్యాప్తిలో ఉన్న 1:22.5 స్కేలు మనుషులను 1:24 ఇంటి ముందు నిలబెడితే ఎవరూ తప్పు పట్టరు.

ఇంతవరకూ చెప్పింది అంకగణితం. మీ తొట్టిలో అంతకన్నా లోతైన చిక్కు ఒకటి ఉంది. అది పుట్టగొడుగుల దగ్గర బయటపడుతుంది. 3 అంగుళాల పుట్టగొడుగు 1:24లో 6 అడుగుల పుట్టగొడుగు, అసాధ్యం. కానీ అదే 3 అంగుళాల పుట్టగొడుగు మన పెరటిలో వాన పడ్డ మర్నాడు లేచే అసలు పుట్టగొడుగంతే ఉంది. అంటే దానికి స్కేలే లేదు, అది అసలు పరిమాణం. ఇక్కడ ఫెయిరీ తోటల్లో రెండు రకాల ఊహలు కలగాపులగం అవుతున్నాయి. ఒక ఊహలో లోకమంతా చిన్నదవుతుంది; ఇల్లు, చెట్టు, కుందేలు, మనిషి అన్నీ ఒకే పాళ్లలో తగ్గుతాయి, ఫెయిరీ అంటే రెక్కలున్న మనిషే. రెండో ఊహలో లోకం తగ్గదు; మన పెరట్లోనే, మన మందార చెట్టు కిందే, రెండున్నర అంగుళాల ప్రాణి ఒకటి కాపురం ఉంటుంది.

ఈ రెండో ఊహ మనకు కొత్తది కాదు. మహాభారతం ఆదిపర్వంలో వాలఖిల్యుల కథ గుర్తుచేసుకోండి. కశ్యపుడి యజ్ఞానికి సమిధలు తెచ్చే పనిలో ఇంద్రుడు కొండంత మోపును అవలీలగా మోసుకొస్తుంటే, బొటనవేలంత వాలఖిల్యులు అందరూ కలిసి ఒక్క మోదుగు పుల్లను మోయలేక మోస్తూ, ఆవు గిట్ట గుంటలో నిలిచిన నీటిలో మునిగి కష్టపడుతుంటారు. ఇంద్రుడు చూసి నవ్వాడు, దానికి ఫలితం అనుభవించాడు. ఆ కథ చెప్పినవారికి స్కేలు బాగా తెలుసు. మోదుగు పుల్ల తగ్గలేదు, ఆవు గిట్ట తగ్గలేదు, మనుషులే తగ్గారు. చిన్నతనాన్ని చూపడానికి కొలతలు చెప్పకుండా, మనకు పరిమాణం బాగా తెలిసిన రెండు వస్తువులను పక్కన పెట్టారు.

రెండో రకం తోటలో పుట్టగొడుగు అసలు పరిమాణంలో ఉండాలి, పువ్వు అసలు పువ్వే ఉండాలి, గులకరాయి రాయే. కానీ అలాంటి చోట పెంకులు, కిటికీ అద్దాలు, ఇనుప బెంచి ఉన్న ఇల్లు అతకదు, ఎందుకంటే ఆ చిట్టి ప్రాణికి ఆ పెంకులు కాల్చి పెట్టిన కుమ్మరి ఎవరు? దాని ఇల్లు కొబ్బరి చిప్పతో, బెరడుతో కట్టాలి; దాని కుర్చీ దారపు రీలు, దాని పళ్లెం చొక్కా గుండీ, దాని ఊయల చింతకాయ తొక్క. నిజం చెప్పాలంటే నాకు ఈ రెండో రకమే ఎక్కువ ఇష్టం, ఖర్చు లేదు, పిల్లల చేతికి పని ఉంటుంది. కానీ మీరు ఇప్పటికే పెంకుటిల్లు కొన్నారు. కాబట్టి మీ మనవరాలిని కూర్చోబెట్టుకుని ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఫెయిరీ తన చిన్న ఊళ్లో ఉంటుందా, మన పెరట్లో ఉంటుందా? ఊళ్లో ఉంటుందంటే ఇల్లు ఉంచి పుట్టగొడుగులు తీయండి. పెరట్లో ఉంటుందంటే పుట్టగొడుగులు ఉంచి ఇల్లు తీయండి. రెండూ ఒకే తొట్టిలో ఉన్నంతకాలం మీరు రాసిన సంత దుకాణం పోదు.

మూడో పద్ధతి ఒకటి మన ఇళ్లలోనే ఉంది, మీకు అది అలవాటై ఉండటమే ఈ తికమకకు కొంత కారణమని నా అనుమానం. బొమ్మల కొలువులో దేవుడి బొమ్మ మూరెడు, పక్కన పెళ్లి ఊరేగింపు జానెడు, ముందు కూరగాయలమ్మే అవ్వ బెత్తెడు ఉన్నా మనకు తప్పుగా తోచదు. అక్కడ పరిమాణం నిర్ణయించేది ప్రాధాన్యం, దూరం కాదు. పైగా మెట్లున్నాయి, ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య గీత ఉంది కాబట్టి ప్రతి మెట్టూ వేరే లోకం. తోటలో మెట్లు లేవు, అందరూ ఒకే మట్టి మీద నిలబడతారు. ఒకే నేల మీద నిలిచిన వాటిని కన్ను పోల్చకుండా ఉండదు.

ఇక ఉన్న వస్తువులను ఏం చేయాలో చెబుతాను. బెంచిని పారేయకండి. దానికి వేరే చిన్న తొట్టి ఇవ్వండి. 10 అంగుళాల తొట్టిలో ఒక మొక్క, దాని కింద ఆ బెంచి, బెంచి పక్కన ఒక చేతికర్ర పెడితే 1:12లో అదొక పార్కు మూల అవుతుంది, ఇల్లూ బొమ్మా అక్కర్లేదు. బెంచి కాళ్లను మట్టిలో పాతి ఎత్తు తగ్గిద్దామనిపిస్తుంది కానీ, పలక వెడల్పూ చేతుల మందమూ గుట్టు విప్పేస్తాయి. 2 అంగుళాల కుందేలు మీ ఊళ్లో 4 అడుగుల కుందేలు, పిల్లలు భయపడతారు. దానికి రాతి రంగు వేసి, చిన్న రాయి మీద నిలబెట్టి శిల్పంగా మార్చండి. విగ్రహం ఎంత పెద్దదైనా ఉండవచ్చు, వీధి మలుపులో విగ్రహాలు ఎంతెంత పెడుతున్నారో చూస్తూనే ఉన్నాము. పుట్టగొడుగులను ఫెయిరీ పెరట్లో ఉంటుందని మీ మనవరాలు చెబితేనే వాడండి.

మొక్కల విషయంలో మాత్రం కొంచెం ఎక్కువ చెప్పక తప్పదు, ఎందుకంటే ఇంటినీ బొమ్మనూ మార్చుకోవచ్చు కానీ ఆకును కుదించలేము. చాలామంది బొమ్మలు సరిగ్గా ఎంచి మొక్కల దగ్గర తప్పు చేస్తారు. మొక్క ఎత్తు చూసి కొంటారు, చూడవలసింది ఆకు పొడవు. 1:24లో అర అంగుళం ఆకు అడుగు పొడవు ఆకుతో సమానం. అంటే అది టేకు చెట్టు. పావు అంగుళం ఆకు ఆరు అంగుళాలు. అది మామిడి ఆకు పొడవు. కాబట్టి చెట్లుగా నిలబడవలసిన మొక్కలకు ఆకు పావు అంగుళానికి అటూఇటూ ఉంటే మేలు, అర అంగుళం దాటితే అనుమానించాలి. నాచుపువ్వు అందరికీ ఇష్టమే, టేబుల్ రోజా అని నర్సరీలో ముందుగా చూపించేదీ అదే. కానీ దాని పువ్వు అంగుళం దాటుతుంది. మీ తొట్టిలో అది రెండడుగుల వ్యాసమున్న పువ్వు, ఇంటి కిటికీ అంత. ఫెయిరీ పెరట్లో ఉంటే తప్ప దాన్ని వేయకండి.

నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చే మొక్క డబ్బు పెట్టి కొనేది కాదు. నర్సరీ కుండీల్లో పిలవకుండా మొలిచే పైలియా మైక్రోఫిల్లా అనే మొక్కకు ఆవగింజ కన్నా కాస్త పెద్ద ఆకులు గుత్తులుగా ఉంటాయి, నీడలో బాగా పెరుగుతుంది, చూడటానికి అచ్చం దూరాన ఉన్న చింతతోపులా కనిపిస్తుంది. నర్సరీవారు దాన్ని కలుపుగా పీకి పారేస్తారు, అడిగితే ఊరికే ఇస్తారు. అలాగే వానాకాలంలో పెరటిలో మొలిచే నేల ఉసిరి. దాని నిటారు కాండం, రెండు వైపులా పరుచుకున్న కొమ్మలు, వాటికి వరసగా ఉండే చిన్న ఆకులు చూస్తే కుదించిన చెట్టే అనిపిస్తుంది. 8 అంగుళాల నేల ఉసిరి మీ ఊళ్లో 16 అడుగుల చెట్టు, ఇంటి కప్పుతో సమానంగా నిలుస్తుంది. కొన్ని నెలల్లో ఎండిపోతుంది, మళ్లీ దాని గింజలే మొలుస్తాయి. ఏళ్ల తరబడి నిలిచే చెట్టు కావాలంటే జేడ్ పేరుతో అమ్మే పోర్చులకేరియా ఉంది. అర అంగుళం ఆకు కొంచెం పెద్దదే, అయినా కాండం ముడతలు పడి ముసలి చెట్టులా కనిపిస్తుంది కాబట్టి కన్ను క్షమిస్తుంది. దాన్ని ఎండలో ఉంచి నీళ్లు తక్కువ పోస్తే ఆకులు ఇంకా చిన్నవవుతాయి. మరువాన్ని తరచుగా తుంచుతూ ఉంటే గుబురు పొద అవుతుంది, పైగా దేవుడి పూలమాలకూ అక్కరకు వస్తుంది. టర్టిల్ వైన్ నేలను త్వరగా కప్పుతుంది కానీ, దాని ఆకు మీ ఊళ్లో చేమాకంత ఉంటుంది; బావి పక్కన తడి చోట ఒక మూలకు పరిమితం చేయండి, లేకపోతే ఇంటి మీదకు పాకుతుంది.

పచ్చిక కోసం లాన్ గడ్డి వేయకండి. 2 అంగుళాల గడ్డి మీ మనిషికి 4 అడుగుల ఎత్తు, వెన్ను వేసిన వరి చేను మధ్యలో ఇల్లు కట్టినట్టుంటుంది. వానాకాలంలో ప్రహరీ గోడ మీద పెరిగిన నాచును పల్చటి చెక్కులుగా గరిటెతో లేపి పరచండి. అది పావు అంగుళం మించదు, అంటే అర అడుగు పచ్చిక. ఎండాకాలంలో అది ఎండిపోతుంది, రోజూ నీళ్లు చిలకరించగలిగితే నీడలో నిలుస్తుంది. మా ఇంట్లో కొలువు ముందు పళ్లెంలో ఆవాలూ చోళ్లూ మొలకెత్తించేవారు. అలాంటి అంగుళం మొలకలు ఇంటి వెనుక పెడితే రెండడుగుల పైరు అవుతుంది. ఏది వేసినా మొక్క పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, మీ స్కేలు ప్రతి నెలా కొద్దికొద్దిగా జారిపోతుందని గుర్తుంచుకుని కత్తెర దగ్గర పెట్టుకోండి. కుట్టు కత్తెర చాలు.

దారికి వాడే రాళ్లకు వంటింటి కొలత చెబుతాను. ఆవగింజంత ఇసుక రేణువు 1:24లో దాదాపు రెండు అంగుళాల కంకర, మిరియమంత రాయి నాలుగైదు అంగుళాల రాయి, అక్వేరియం దుకాణంలో అమ్మే రంగురాళ్లు దాదాపు అడుగు బండలు. దారి మీద ఆ బండలు పరిస్తే నడవడానికి వీలుకాదు. మేస్త్రీ జల్లించాక మిగిలిన ముతక ఇసుకను ఇంకోసారి జల్లించి దారికి వాడండి, మిరియమంతవి దారి అంచుకు పేర్చండి. దారి వెడల్పు ఇంటి ముందు అంగుళంన్నర, అంటే మూడడుగులు ఉంటే బాగుంటుంది. మీ తొట్టిని గోడకు ఆనించి ఒకే వైపు నుంచి చూస్తారనుకుంటే, ఇంటి వెనుకకు వెళ్లే కొద్దీ ఆ దారిని ముప్పావు అంగుళానికి సన్నం చేయండి, వెనుక చెట్లను ముందు చెట్లకన్నా చిన్న ఆకులవి ఎంచండి. తోట ఉన్నదానికన్నా లోతుగా కనిపిస్తుంది. స్కేలు తెలిసి తప్పడం అంటే ఇదే. చుట్టూ తిరిగి చూసే తొట్టికి ఈ కిటుకు పనిచేయదు.

ఇకమీదట బజారుకు వెళ్లేటప్పుడు రెండున్నర అంగుళాల పొడవున అట్టముక్క కత్తిరించి పర్సులో పెట్టుకోండి. అదే మీ ఊరి మనిషి. ఏ కుర్చీ పక్కనైనా, ఏ నిచ్చెన పక్కనైనా దాన్ని నిలబెట్టి చూడండి, అమ్మేవారు నవ్వినా ఫరవాలేదు. కుర్చీ పలక దాని మోకాలి దగ్గరకు రావాలి, అంటే ముప్పావు అంగుళం. మెట్టు పావు అంగుళం దాటకూడదు. సైకిలో కారో పెట్టాలనిపిస్తే, జేబులో పట్టే చిన్న లోహపు కార్లు సాధారణంగా 1:64 దరిదాపుల్లో ఉంటాయి కనుక మీ మనిషికి నడుము దాకా కూడా రావు. పెట్టె మీద 1:24 అని అచ్చువేసినవే తీసుకోండి. ఆర్కిటెక్చరు విద్యార్థులకు సామాను అమ్మే దుకాణాల్లో చిన్న చిన్న మనుషులూ చెట్లూ దొరుకుతాయి, కానీ అవి ఎక్కువగా 1:50, 1:100లో ఉంటాయి. మీ తొట్టికి పనికిరావు, వెనుక వరసలో దూరపు చెట్లుగా ఒకటి రెండు పెట్టుకోవచ్చు.

చివరికి మీ అమ్మగారి ఎడ్లబండి సంగతి. మీరు దాని కొలత రాయలేదు. చక్రం ఎత్తు కొలవండి. అసలు ఎడ్లబండి చక్రం నాలుగున్నర అడుగుల నుంచి ఐదడుగుల వరకు ఉంటుంది. బొమ్మ చక్రం రెండుంబావు, రెండున్నర అంగుళాల దగ్గర ఉంటే బండి మీ ఊరిదే, నిస్సందేహంగా వాకిట్లో నిలపండి. ఎద్దు మూపురం కూడా దాదాపు ఆ ఎత్తుకే రావాలి. చక్రం చిన్నదైతే బండిని ఇంటి వెనుక దారి మలుపులో పెట్టండి, దూరంగా వెళ్లిపోతున్నట్టుంటుంది. అయితే కొండపల్లి బొమ్మ తెల్లపొణికి చెక్కతో చేసింది, చాలా తేలిక, నీటికి ఉబ్బి రంగు ఊడుతుంది. తడి మట్టి మీద ఒక్క రాత్రి కూడా ఉంచకండి. దారి మీద చక్రాల కింద పల్చటి పలకరాయి ముక్క పరిచి, చూడటానికి మనుషులు వచ్చిన పూట బండిని దాని మీదకు తోలి, మొక్కలకు నీళ్లు పోసే ముందు తీసి బీరువాలో పెట్టేయండి. తోలే పని మీ మనవరాలికి అప్పగించండి.